లైన్ కొనే ముందు నీళ్లు చూడు అల్లుడూ

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

ఈకల ఎరతో చేపలు పట్టే ఫ్లై రాడ్ కొన్నావు సరే, దానికి వేసే లైన్ (ఎరను మోసుకుపోయే లావుపాటి దారం) విషయంలో టెన్షన్ ఎందుకు? రాడ్ మీద 8 అని ఉంటే లైన్ కూడా 8 నంబరుదే తీసుకో. మన గాలంలో సీసం గుండును విసిరితే దాని వెనకే దారం పోతుంది. ఇందులో ఈకలు చుట్టిన కొక్కేనికి బరువే ఉండదు, బరువంతా లైన్‌దే. మొదటి 30 అడుగుల బరువును బట్టి ఆ నంబరు వేస్తారు. 8 అంటే సుమారు పదమూడున్నర గ్రాములు.

అంతకంటే ముఖ్యం మన ఎండ. ఊటీలో ఉద్యోగం చేసేటప్పుడు ట్రౌట్ చేపలకు వాడిన లైన్‌నే ఒక మే నెలలో పిచ్చాటూరు అరణియార్ డ్యామ్‌కు పట్టుకుపోయాను. పదకొండు గంటలకల్లా ఉడికిన సేమియాలా మెత్తబడి రాడ్ రింగులకు అతుక్కుంది. నా తప్పే, చల్లటి నీళ్ల కోసం చేసిన లైన్ అది. నువ్వు డబ్బా మీద ‘ట్రాపికల్’ అని ఉందో లేదో చూసే కొను. దాన్ని ఊటీకి మాత్రం తీసుకుపోవద్దు, అక్కడి చలికి స్ప్రింగులా చుట్టలు పడుతుంది.

ఊరి చెరువుకు తేలే లైన్ చాలు. కొర్రమీను గాలి పీల్చుకోవడానికి పైకి వస్తుంది కాబట్టి తామరాకుల పక్కన కప్పలాంటి ఎర నీటిమీదే ఆడించు. లైన్ చివర ఎరకు కట్టే కొస దారం 20 పౌండ్ల బరువు తట్టుకునేది కట్టు, లేకపోతే తూళ్లలోకి దూరి తెంపుకుపోతుంది. జిలేబి చేపకు 6 పౌండ్లది చాలు.

డ్యామ్‌లో లోతుకైతే మెల్లగా మునిగే ఇంటర్మీడియట్ లైన్ కావాలి. సెకనుకు ఒకటిన్నర అంగుళం దిగేదైతే మూడడుగులకు 24 సెకన్లు పడుతుంది. నేను సెకనుకొక ‘గోవిందా’ అనుకుంటూ లెక్కపెడతా. పులికాట్ వైపు గాలి ఎక్కువ, అలల కింద నిలిచే ఈ లైనే అక్కడా నయం. ముందు పక్షుల అభయారణ్యం హద్దులు కనుక్కో. ఉప్పు నీళ్లలో వాడిన రోజు ఇంటికి రాగానే మంచినీళ్లతో కడుగు.

స్వర్ణముఖి సంగతి అడిగావు. అందులో నీళ్లు పారినప్పుడు ఇంకో ఉత్తరం రాస్తాలే.

దోమల క్రీమ్ రాసుకున్న చేత్తో లైన్ ముట్టుకోవద్దు. డీట్ అనే దోమల మందు ఉన్న క్రీమైతే లైన్ పైపూతను తినేస్తుంది. చెరువు వేలం పాడుకున్నవాళ్లను అడక్కుండా కట్ట దిగొద్దు.

దీపావళికి వచ్చేటప్పుడు లైన్ డబ్బా విప్పకుండా తీసుకురా. పెరట్లో కొబ్బరిచెట్ల మధ్య లాగి పట్టుకుని ఇద్దరం రీల్‌కు చుడదాం.

మీ మామ