రైల్లో ఆ కుర్రాడు పడిపోతే నేను లేవలేకపోయాను

ప్రశ్న: పోయిన నెల మా పాపతో విజయవాడ నుంచి విశాఖపట్నం వెళ్తున్నాను. సామర్లకోట దాటాక ఎదురు సీట్లో కుర్రాడికి ఫిట్స్ వచ్చి కింద పడ్డాడు. జనం మూగారు. ఒకాయన అతని చేతిలో తాళాలగుత్తి పెట్టాడు. జామకాయలు అమ్ముకునే ఆవిడ గంప దించి, అందర్నీ జరగమని, కుర్రాణ్ని పక్కకు తిప్పి, తువ్వాలు కప్పి, తెలివొచ్చేదాకా దగ్గరే కూర్చుంది. నేను కదల్లేదు, చేతులు వణికాయి. ఇంటికొచ్చాక పాప (తొమ్మిదేళ్లు) ‘మనమెందుకు లేవలేదమ్మా?’ అంది. అప్పట్నుంచి సరిగా నిద్ర లేదు. మావారికి చెబితే ‘ఎవరికో ఏదో అయితే నీకెందుకు, పోలీసు కేసులవుతాయి’ అని కసురుతున్నారు. నేనింత రాతిగుండె మనిషినా?

జవాబు: రాతిగుండె అయితే చేతులు వణకవమ్మా. జాన్ డార్లీ, బిబ్ లాటనే అనే అమెరికన్ సైకాలజిస్టులు 1968లో ప్రచురించిన ప్రయోగం అచ్చం మీకు ఎదురైన పరిస్థితి మీదే. విద్యార్థుల్ని వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి ఇంటర్‌కమ్‌లో మాట్లాడిస్తూ, మధ్యలో ఒకరికి ఫిట్స్ వచ్చినట్టు వినిపించారు. వింటున్నది తామొక్కరే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది ఆ మూర్ఛ ఆగేలోపే లేచి వెళ్లారు. మరో నలుగురు కూడా వింటున్నారనుకున్నవాళ్లలో లేచింది 31 శాతమే. కదలనివాళ్లకు పట్టలేదనుకుంటే పొరపాటు. వాళ్లలో చాలామందికి చేతులు వణికాయి, అరచేతులు చెమటపట్టాయి, ‘అతనికి ఎలా ఉంది?’ అని ఆత్రంగా అడిగారు. చుట్టూ మనుషులుంటే ఎవరో ఒకరు చూస్తారులే అనిపిస్తుంది. పైగా ఏం చేయాలో తెలియనప్పుడు కాళ్లు అసలే లేవవు.

ఆవిడ చేసిన పనులన్నీ సరైనవే. పక్కకు తిప్పితే నోట్లో లాలాజలం, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోకుండా బయటికి కారిపోతాయి. మూర్ఛలో ఒక్కోసారి తెలియకుండా మూత్రం పోతుంది, తువ్వాలు కప్పింది అందుకే అయి ఉంటుంది. తెలివొచ్చాక ఆ కుర్రాడు అందరి ముందూ సిగ్గుపడకుండా కాపాడిందావిడ. తాళాల సంగతి వేరు. ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి. ఆగే సమయానికి చేతిలో ఇనుము ఉంటుంది కాబట్టి పేరు దానికొస్తుంది. గట్టిగా కొట్టుకుంటున్న చేతిలో తాళాలుంటే గీరుకుపోతుంది కూడా.

ఇది మీరూ నేర్చుకోవచ్చు. ఫిట్స్ మొదలవగానే గడియారం చూడండి. బ్యాగులు, బూట్లు, వేడి టీ దూరం జరపండి, కళ్లజోడు తీసి తల కింద మడతపెట్టిన చున్నీ పెట్టండి. కొట్టుకుంటున్న కాళ్లూ చేతులూ అదిమిపట్టకండి, ఎముక విరగొచ్చు. పళ్ల మధ్య చెంచా, గుడ్డ, వేలు ఏదీ పెట్టొద్దు. నాలుక మింగేస్తారన్నది అపోహ, విరిగిన పన్ను గొంతుకు అడ్డం పడటమే అసలు ప్రమాదం. కదలికలు తగ్గగానే పక్కకు తిప్పండి. పూర్తిగా తెలివొచ్చేదాకా నీళ్లు తాగించొద్దు. ఫిట్స్ ఆగాక కాసేపు అయోమయంగా ఉంటారు. ‘రైల్లో ఉన్నావు, పడిపోయావు, ఇప్పుడు బాగానే ఉంది’ అని మెల్లగా చెబుతూ ఉండాలి. ఐదు నిమిషాలు దాటినా, వెంటనే మళ్లీ వచ్చినా, దెబ్బ తగిలినా, గర్భిణి అయినా, అదే మొదటిసారి అయినా డాక్టరు తప్పనిసరి. రైల్లో 139కి ఫోన్ చేసి రైలు నంబరు, బోగీ, సీటు చెప్పండి, టీటీఈకి కబురు పెట్టండి, వచ్చే స్టేషన్లో డాక్టర్ని పిలిపిస్తారు. చెయిన్ లాగితే రైలు పొలాల మధ్య ఆగి ఆలస్యమే అవుతుంది. రోడ్డు మీదైతే 108.

పాపకు అబద్ధం చెప్పకండి. ‘నాకు భయమేసింది, ఏం చేయాలో తెలియలేదు, ఇద్దరం నేర్చుకుందాం’ అనండి. చాప మీద పాపను వెల్లకిలా పడుకోబెట్టి, మీ వైపున్న చెయ్యి పక్కకు చాపి, రెండో చేతిని చెంప కింద ఉంచి, అవతలి మోకాలు మడిచి మీ వైపు లాగి చూడండి. మనిషి సులువుగా తిరిగిపోతుంది. తర్వాత పాప మీకు చేసి చూపించాలి.

మీవారి కసురులో నాకు భయమే వినిపిస్తోంది. రోడ్డు ప్రమాదాల్లో సాయపడేవారికి మోటారు వాహనాల చట్టంలో 2019లో 134ఎ సెక్షన్ చేర్చి రక్షణ ఇచ్చారు, పేరు చెప్పమని వారిని బలవంతపెట్టకూడదు. ఇక రైల్లో ఫిట్స్ వచ్చిన మనిషిని పక్కకు తిప్పినందుకు కేసేమిటి? ఈ మాట ఆయనకు ఒక్కసారి చెప్పి ఊరుకోండి. రోజూ అన్నం దగ్గర ఇదే తీస్తే ఆయనకు మీ బాధ వినపడదు, తన మీద నేరం మోపుతున్నట్టే ఉంటుంది. ‘నాకు సలహా వద్దు, పది నిమిషాలు వినండి చాలు’ అని ఒకరోజు సెలవు పూట అడగండి.

మరో రెండు వారాలకూ నిద్ర రాకపోయినా, ఆ దృశ్యమే కళ్లముందు తిరుగుతున్నా, రైలెక్కాలంటే గుండెదడ వస్తున్నా ఆలస్యం చేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. రాత్రింబవళ్లూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.