మీటర్ గేజ్ రైలు పక్కకి ఎగరడానికి కారణం

మీరు ట్రెయిన్జ్ అనే రైలు గేమ్‌లో వేస్తున్న జయదేవ్‌పూర్ (బంగ్లాదేశ్) రూట్‌లో జంక్షన్ దాటగానే మీటర్ గేజ్ బండి పక్కకి ఎగిరి, ఒకవైపు చక్రాలు గాల్లో తేలుతున్నాయన్నారు కదా, తప్పు పట్టాలది కాదండీ. గేమ్ బండిని నడిపేది ట్రాక్ మధ్యగీత మీద. గేజ్ అంటే పట్టాల మధ్య దూరం: బ్రాడ్ గేజ్‌కి 1676, మీటర్ గేజ్‌కి 1000 మిల్లీమీటర్లు. మూడు పట్టాల మీద రెండు రకాల బండ్లూ నడిచే ఈ లైన్‌లో ఒక పట్టా రెండింటికీ ఉమ్మడి, కాబట్టి రెండు మధ్యగీతలకీ 338 మిల్లీమీటర్ల తేడా. మీరు రెండు లైన్లనీ ఒకే పాయింట్‌లో కలిపేశారు, అందుకే ఆ ఎగురుడు.

కలపకండి. కనిపించే మూడు పట్టాల ట్రాక్ బ్రాడ్ గేజ్‌కి ఉంచి, ఉమ్మడి పట్టా వైపు 338 జరిపి మీటర్ గేజ్‌కి ఇన్విజిబుల్ ట్రాక్ (బండి నడుస్తుంది కానీ కంటికి కనపడదు) విడిగా వేయండి. విడిపోయే చోట మీటర్ గేజ్‌ని ఉమ్మడి పట్టా వైపుకే తిప్పితే ఒక్క క్రాసింగ్‌తో (ఒక పట్టా ఇంకో పట్టాని దాటే చోటు) సరిపోతుంది, అవతలి వైపుకైతే రెండు కావాలి (నేను మొదటిసారి అటే తిప్పి ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను).

సిగ్నళ్లు రెండు లైన్లకీ వేరువేరుగా పెట్టాలి. గేమ్‌కి అవి సంబంధం లేని లైన్లు, ఒకదాని మీద బండి నిలబడి ఉన్నా రెండోదానికి పచ్చదీపం ఇచ్చేస్తుంది, ఒకేసారి రెండు బండ్లు వదలకండి.