ఓట్స్, యాపిల్ కొనలేను డాక్టర్... రేషన్ బియ్యం తింటూ షుగర్ తగ్గించుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 43. బోరబండలో ఉంటాం. నాలుగిళ్లలో పని చేస్తాను. మా ఆయన పెయింటింగ్ పనికి పోతాడు, ఇద్దరు పిల్లలు. రెండేళ్లుగా షుగర్ ఉంది. మూడు నెలల షుగర్ పరీక్షలో 8.9 వచ్చింది, రక్తం 9.4 ఉందన్నారు. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ గోలీలు వాడుతున్నాను. ఒక ఆస్పత్రిలో డైట్ చార్ట్ ఇచ్చారు. అందులో ఓట్స్, బ్రౌన్ రైస్, ఆలివ్ నూనె, యాపిల్, బాదం ఉన్నాయి. వారం రోజులు కూడా కొనలేకపోయాను. పొద్దున ఆరింటికి గోలీలు వేసుకుని పనికి పోతే పదకొండింటికి గానీ తినను. మా గల్లీకి కూరగాయల బండి పదింటికి వస్తుంది, అప్పటికి నేను ఇంట్లో ఉండను. సాయంత్రం వచ్చేసరికి బజ్జీలు, బిస్కెట్లే దొరుకుతాయి. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం తినాలి?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, తిండి సంగతికి వచ్చే ముందు ఒక పని రేపటి నుంచే మార్చాలి. గ్లిమెపిరైడ్ వేసుకుని ఖాళీ కడుపుతో ఇల్లు కదలకండి. అది షుగర్‌ను దించే గోలీ. వేసుకున్నాక ఐదు గంటలు ఏమీ తినకుండా గిన్నెలు తోమి, ఇళ్లు తుడిస్తే షుగర్ బాగా పడిపోవచ్చు. ఒళ్లంతా చెమట, చేతుల వణుకు, గుండె దడ, కళ్లు తిరగడం దాని గుర్తులు. అలా అయితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే తాగండి. పావుగంటలో తగ్గకపోతే మళ్లీ తాగి, తర్వాత ఏదైనా తినండి. అప్పటికీ తేరుకోకపోతే ఆస్పత్రికి వెళ్లాల్సిందే. గోలీలు సొంతంగా మానేయకండి. మీ పని వేళలు డాక్టర్‌కు చెప్పి, ఏది ఎప్పుడు వేసుకోవాలో అడగండి. పొద్దున ఉడికించిన శనగలు రెండు గుప్పెళ్లు, లేదా ఒక గుడ్డు, కాస్త పెరుగన్నం తిని బయల్దేరండి. శనగలు రాత్రే నానబెట్టి ఉడికించి పెట్టుకుంటే పొద్దున ఐదు నిమిషాల పని.

ఇక ఆ చార్ట్ గురించి. దాన్ని పాటించలేకపోయినందుకు మీరు బాధపడకండి. మీ సంపాదన ఎంత, ఇంటి దగ్గర ఏం దొరుకుతుంది అని అడగకుండా రాసిన కాగితం అది. కార్డు మీద మనిషికి నెలకు ఆరు కిలోల బియ్యం ఉచితంగా వస్తుంది. పప్పు, గుడ్డు, కూరగాయ, పండు అన్నీ జేబులోంచి కొనాలి. దాంతో కడుపు అన్నంతోనే నిండుతుంది. మీలాంటి ఇళ్లలో షుగర్, రక్తహీనత రెండూ ఒకే మనిషిలో కనబడుతున్నాయంటే ఇదొక పెద్ద కారణం. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని చెప్పింది. బియ్యం మాత్రమే చేతికి అందే ఇంట్లో అది చెప్పినంత తేలిక కాదు.

అయినా మీ ప్రశ్నకు జవాబు అవుననే. బియ్యం మానక్కర్లేదు, కంచంలో దాని చోటు తగ్గించాలి. ఇప్పుడు మూడు గంటెల అన్నం తింటుంటే ఒకటిన్నరకు రండి. తగ్గిన చోట గట్టి పప్పు ఒక గంటె, కూర రెండు గంటెలు పెట్టుకోండి. పలుచని చారు పోసుకుంటే అన్నమే ఎక్కువ పోతుంది. కందిపప్పు ధర భారమైతే పెసర్లు, బొబ్బర్లు, శనగలు మార్చి మార్చి వండండి. మీల్ మేకర్‌లో దాదాపు సగం మాంసకృత్తులే. గుప్పెడు వేసి టమాటాతో వండితే పిల్లలూ తింటారు. గుడ్డు కూడా మీకు ఇప్పుడు యాపిల్ కన్నా ఎక్కువ పని చేస్తుంది. పండు కావాలంటే జామకాయ తినండి. అన్నం మానేసి నాలుగు చపాతీలు తినడం, షుగర్‌కు మంచిదని పలుచటి రాగి జావ రెండు గ్లాసులు తాగడం చాలామంది చేస్తున్నారు. వాటితోనూ షుగర్ పెరుగుతుంది.

మీరు రాయలేదు గానీ, నాలుగిళ్లలో చాయ్ ఇస్తారా? మీలా పని చేసే వాళ్లను అడిగితే ఇస్తారనే చెబుతారు. చాయ్‌కి రెండు చెంచాల చొప్పున నాలుగిళ్లలో ఎనిమిది చెంచాలు, అంటే సుమారు 40 గ్రాముల చక్కెర. రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది, అదీ షుగర్ లేనివాళ్లకు. ఒక ఇంట్లో చాలు, అదీ చక్కెర లేకుండా. ఇది చదువుతున్న ఇళ్లవాళ్లకూ ఒక విన్నపం: మీ ఇంట్లో పని చేసే ఆమెకు మిగిలిన స్వీట్లు, పులిహోర బదులు ఒక ఉడికించిన గుడ్డు, ఒక గ్లాసు మజ్జిగ ఇవ్వండి.

బండి దొరకదన్నారు కదా. ఎర్రగడ్డ రైతుబజార్ మీకు దగ్గరే, ఆర్టీసీ సిటీ ఆర్డినరీ బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు. వారానికి రెండుసార్లు పని నుంచి వచ్చేటప్పుడు అటు దిగండి. మూసే వేళకు ఆకుకూరల ధర తగ్గిస్తారు. ఫ్రిజ్ లేకపోతే సొరకాయ, దోసకాయ, గుమ్మడి నిలవ ఉంటాయి. తోటకూర, పుంటికూర, పాలకూర తడిగుడ్డలో చుట్టి పెట్టి మర్నాటికల్లా వండేయండి. బజ్జీల ఆకలికి వేయించిన పల్లీలు గుప్పెడు దగ్గర ఉంచుకోండి. ఆలివ్ నూనె అవసరమే లేదు. పల్లీ నూనెనే కొంచెంగా వాడండి, కాగిన నూనెను మళ్లీ మళ్లీ కాచొద్దు.

రక్తం 9.4 అంటే తక్కువే, ఆడవాళ్లకు 12 ఉండాలి. నెలసరి ఎక్కువగా అవుతుంటే డాక్టర్‌కు తప్పక చెప్పండి. ఐరన్ గోలీ ఇస్తే నిమ్మరసం కలిపిన నీళ్లతో వేసుకోండి, చాయ్‌కి రెండు గంటలు ఎడం పెట్టండి. ఇంకో విషయం, ఐరన్ లోపం ఉన్నప్పుడు మూడు నెలల షుగర్ లెక్క కాస్త ఎక్కువగా చూపించవచ్చు. అందుకే పరగడుపున, తిన్న రెండు గంటలకు కూడా పరీక్ష చేయించాలి. మెట్‌ఫార్మిన్ చాలాకాలం వాడేవాళ్లలో బి12 విటమిన్ తగ్గవచ్చు, ఆ పరీక్ష గురించీ అడగండి. మీ బస్తీ దవాఖానాలో రక్త పరీక్షలు, షుగర్ గోలీలు ఉచితమే. ఈ వారంలోనే ఒక పూట సెలవు అడిగి వెళ్లండి, ఆ చార్ట్ కూడా తీసుకెళ్లి చూపించండి. ఇందులో మీరు ఏవి కొనగలరో వాటితోనే కొత్తగా రాసివ్వమని అడగండి.