మంది ఎక్కువైతే మజ్జిగ పలచన, పోలిష్‌లో

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పోలండ్‌లో, వూచ్‌లో సీటొచ్చిందని మీ అమ్మ చెప్పింది. మనవాళ్లు లోడ్జ్ అనేది ఆ ఊరినే. ఆ పేరుకి పడవ అని అర్థం, సముద్రం మాత్రం దరిదాపుల్లో లేదు.

పోలిష్‌లో ఏడు విభక్తులని టెన్షన్ పడుతున్నావట. "డు ము వు లు" నుంచి మొదలుపెట్టి ఎనిమిదీ వల్లెవేసినదానివి, నీకేం భయం? పట్టికలు మాత్రం బట్టీ పట్టకు. మొదటి ఏడాదంతా ఆ పని చేసి, తీరా కొట్టుకెళ్తే నోరు పెగల్లేదు నాకు. నానుడిని ఉన్నదున్నట్టు నోటికి పట్టించుకో, తర్వాత మాటల చివర్లు చూడు.

"బువ్కా జ్ మస్వెమ్". వెన్న రాసిన బన్ను, అంటే నల్లేరు మీద నడక. వెన్న మస్వొ, "జ్"కి "తో" అనే అర్థమొచ్చినప్పుడు మస్వెమ్ అవుతుంది. ఓసారి బేకరీలో "జ్ మస్వా" అన్నాను. కౌంటరులో ఆవిడ చేతిలో బన్ను పట్టుకుని అలాగే నవ్వింది. పిండి బదులు వెన్నతోనే చేసిన బన్ను అడిగానన్నమాట! అదే "జ్" పక్కన మాట ఇలా మారితే "లోంచి" అని అర్థం. "రొబిచ్ జ్ ఇగ్వి విద్వి" చూడు: సూదిలోంచి గడ్డి ఎత్తే పంగలకర్ర తీయడం. మన గోరంతలు కొండంతలు చేయడమే.

"జ్ దెష్చు పొద్ రిన్నె" అంటే వానలోంచి చూరుగొట్టం కిందికి. మనకైతే పెనం మీంచి పొయ్యిలోకి. కిందికి వెళ్తే రిన్నె, కిందే నిలబడితే రిన్నోం.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది: "గ్జె కుహారెక్ షెష్‌చ్, తమ్ నియె మా ట్సొ యెష్‌చ్". ఆరుగురు వంటావిడలున్నచోట తినడానికేం ఉండదు. ప్రాస విన్నావా? ఇద్దరు, ముగ్గురు, నలుగురైతే కుహార్కి. అయిదు నుంచి కుహారెక్. డబ్బులకీ ఇదే లెక్క: రెండైతే "ద్వా జ్వొతె", అయిదైతే "పియెంచ్ జ్వొతిహ్". బిల్లు చెప్పేటప్పుడు చెవి పెట్టి విను, వారంలో వచ్చేస్తుంది.

పెద్దవాళ్లని "తి" అనకు, అది "నువ్వు". ఆడవాళ్లయితే "పాని" అను, "అమ్మగారు వస్తారా?" అన్నట్టు.

జ్వొతె, జ్వొతిహ్ తారుమారైతే ఎవరూ ఏమీ అనుకోరు. బేకరీలో "జ్ మస్వా" అన్నావంటే మాత్రం ఆ రోజే నాకు ఫోన్ చెయ్యి.

మామయ్య