షేరు పడినా ఎండీకి ఆప్షన్లా?

ప్రశ్న: నేను షేర్లు కొన్న కంపెనీలో ధర ఏడాదిలో 100 నుంచి 70కి పడిపోయింది. అయినా ఎండీకి జీతంతో పాటు ఆప్షన్లు, ఆర్‌ఎస్‌యూలు ఇచ్చినట్టు వార్షిక నివేదికలో ఉంది. రెండూ ఒకటేనా? నా వాటాకు ఎంత కోత పడుతుంది?

జవాబు: ఒకటి కాదు. ఆప్షన్ అంటే ముందే ఖాయం చేసిన ధరకు షేరు కొనుక్కునే హక్కు. ఆ ధర 100 అయి, మార్కెట్లో షేరు 150 పలికితే ఒక్కోదాని మీద 50 మిగులుతుంది. 70కి పడితే ఎండీ ఆ హక్కును వాడుకోడు, ఆయన జేబులోంచి పోయేదీ లేదు. మీకు మాత్రం 30 పోయింది. ఆర్‌ఎస్‌యూకైతే (రిస్ట్రిక్టెడ్ స్టాక్ యూనిట్, అంటే షేరు ఇస్తామన్న మాట) వెస్టింగ్ గడువు, అంటే హక్కు దక్కడానికి ఆగాల్సిన కాలం, నిండాక షేరే చేతికొస్తుంది. ధర 70 ఉన్నా దానికి 70 విలువ ఉంటుంది. కాబట్టి ఉత్త ఆప్షన్లే ఉన్నవాళ్లకు రిస్కు మీద ఆశ ఎక్కువ, భయం తక్కువ. డివిడెండ్ మీదా మనసుండదు: వాడుకోని ఆప్షన్‌కు మామూలుగా డివిడెండ్ రాదు, పైగా ఇచ్చినంత మేర షేరు ధర దిగుతుంది.

ఇక కోత సంగతి. మొత్తం షేర్లు 10 కోట్లు, ఆప్షన్లు 50 లక్షలు, ఎక్సర్‌సైజ్ ధర (ముందే ఖాయం చేసిన కొనుగోలు ధర) 100, మార్కెట్ ధర 200 అనుకోండి. అన్నీ వాడుకుంటే కంపెనీకి 50 కోట్లు వస్తాయి. దాంతో మార్కెట్లో 25 లక్షల షేర్లు కొనొచ్చు గనక, స్థూలంగా డైల్యూటెడ్ ఈపీఎస్ (ఆప్షన్ల వల్ల చేరే షేర్లనూ కలిపి, ఒక్కో షేరుకు వచ్చే లాభం) లెక్కలో చేరేవి మిగతా 25 లక్షలే. ఈపీఎస్ 2.4 శాతం దాకా తగ్గుతుంది. ధర 100 కంటే కింద ఉన్నంతకాలం ఈ లెక్కలో కోత కనిపించనే కనిపించదు. అందుకే వార్షిక నివేదికలోని నోట్స్‌లోకి వెళ్లి, ఇంకా వాడుకోని ఆప్షన్లు ఎన్నున్నాయో, ఏ ధరకు ఇచ్చారో చూడండి.

మీ కంపెనీ విషయంలో అన్నిటికన్నా ముఖ్యం, పాత ఆప్షన్ల ధరను 100 నుంచి 70కి దించారా అన్నది. దించితే, మీ నష్టం అలాగే ఉండగా ఎండీకి పందెం మళ్లీ మొదలైనట్టే. అలాంటి తీర్మానం ఓటుకు వస్తే వ్యతిరేకించండి. ఆప్షన్లు ఇచ్చిన తేదీ కూడా చూడండి. అమెరికాలో 2006లో పెద్ద దుమారం రేపిన బ్యాక్‌డేటింగ్ ఈ తేదీల మోసమే: షేరు బాగా తక్కువలో ఉన్న పాత తేదీని ఏరి, ఆ రోజే ఇచ్చినట్టు రాసుకుని కొనుగోలు ధరను తగ్గించుకున్నారు.

ప్రశ్న: ఆప్షన్లకు నగదు ఖర్చు లేదంటూ ‘సర్దుబాటు లాభం’లో (కొన్ని ఖర్చులు పక్కనపెట్టి కంపెనీ చెప్పుకునే లాభం) ఆ పద్దును తిరిగి కలిపేస్తున్నారు. సబబేనా?

జవాబు: మా దృష్టిలో కాదు. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఎఫ్ఆర్ఎస్ 2 ప్రకారం, ఆప్షన్లు ఇచ్చిన రోజున లెక్కగట్టిన విలువను వెస్టింగ్ కాలం పొడవునా ఖర్చుగా చూపాల్సిందే. నగదు పోలేదన్న మాటా సగమే నిజం. షేర్ల సంఖ్య పెరగకుండా కంపెనీ బైబ్యాక్ చేస్తే, అంటే తన షేర్లను తానే తిరిగి కొంటే, డబ్బు అక్కడ పోతుంది. నగదు ప్రవాహ పట్టికలో బైబ్యాక్‌కు పెట్టిన మొత్తం చూసి, ఏడాది మొదట్లో, చివర్లో షేర్ల సంఖ్య పోల్చండి. కోట్లు పోసినా సంఖ్య తగ్గలేదంటే, ఆ డబ్బు చాలావరకు కొత్తగా జారీ చేసిన షేర్లను పూడ్చడానికే సరిపోయిందన్నమాట.