పాత తుపాకుల మ్యూజియంలో పిల్లలకి ఏం చూపించాలి?

"మా బాబుకి తొమ్మిదేళ్ళు. పాత తుపాకులంటే ప్రాణం. తీరా మ్యూజియంకి తీసుకెళ్తే పది నిమిషాల్లో విసుగంటున్నాడు. ఎక్కడికి తీసుకెళ్ళాలి, ఎలా చూపించాలి?" అని అడిగారు.

మీ బాబు తప్పేం లేదండీ. అద్దాల వెనక తుపాకులన్నీ వరసగా పెడితే పెద్దవాళ్ళకీ ఒకేలా కనిపిస్తాయి. సాలార్‌జంగ్ మ్యూజియంకి చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. ప్రతిసారీ గంట కొట్టే గడియారం ముందు చోటు కోసం పరిగెత్తడమే తప్ప, ఆయుధాల గదిలో నిలబడి చూసిన గుర్తు లేదు.

నాకు చూడటం నేర్పింది మా నాన్న. ఆయన ఆర్మీలో ఫిరంగి దళంలో పనిచేసి రిటైరయ్యారు. నేను ఉద్యోగం మీద ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉన్న రెండేళ్ళలో ఒకసారి అమ్మా నాన్నా వచ్చారు. అక్కడ రాయల్ ఆర్మరీస్ అని పెద్ద ఆయుధాల మ్యూజియం ఉంది. 1996లో తెరిచారు, టికెట్ లేదు. నాన్న పేర్లూ తేదీలూ చదవలేదు. ఒక్కో తుపాకీ దగ్గర ఆగి, ట్రిగ్గర్‌కి పైన, గొట్టం పక్కనున్న భాగాన్నే చూస్తూ వెళ్ళారు. "నిప్పు ఎక్కణ్ణుంచి వస్తోందో చూడరా, మిగతాది దానంతట అదే తెలుస్తుంది" అన్నారు.

ఆ ఒక్క మాటే మీ బాబుకి చెప్పండి. పాత తుపాకీలో ముందు గొట్టంలోకి తుపాకీ మందు పోసి, గుండు వేసి, కడ్డీతో కూరాలి. దాన్ని అంటించే పద్ధతులు ముఖ్యంగా మూడు: తాడు, రాయి, టోపీ. మొదటి రకంలో పాములా వంగిన కొక్కెం వెలుగుతున్న తాడుని పట్టుకుని ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే అది వంగి పక్కనున్న చిన్న గిన్నెలోని మందుని, అంటే రంజకాన్ని, అంటిస్తుంది. ఆ మంట సన్నటి రంధ్రంలోంచి గొట్టంలోకి పోతుంది. రెండో రకంలో తాడు బదులు చకుముకి రాయి వచ్చి ఉక్కు రేకుని కొడుతుంది, రవ్వలు గిన్నెలో పడతాయి. మూడోదానిలో గిన్నే ఉండదు. చిన్న రాగి టోపీ మీద సుత్తి పడుతుంది, అంతే.

ఈ మూడో పద్ధతికి దారి వేసింది ఫోర్సైత్ అనే స్కాట్లండ్ మతగురువు. ఆయనకి పక్షుల వేట ఇష్టం. గిన్నెలో మంట కనిపించగానే, గుండు వచ్చేలోపు పక్షులు ఎగిరిపోతున్నాయని, దెబ్బ తగిలితే పేలే మందుతో కొత్త పద్ధతి కనిపెట్టి 1807లో పేటెంట్ తీసుకున్నాడు. ఈ కథ పిల్లలకి భలే పట్టేస్తుంది. మా పాపకి చెప్పాక ఆయుధాల గదిలో తనే ముందు నడిచి "ఇది తాడు, ఇది రాయి" అని చెప్పడం మొదలుపెట్టింది.

మన దేశపు తుపాకుల్లో తాడు రకం ఎక్కువగా కనిపిస్తుంది. యూరప్ రాయికి మారిన చాలాకాలం తర్వాత కూడా, పంతొమ్మిదో శతాబ్దంలోనూ ఇక్కడ అవే వాడారు. వెనకబడటం వల్ల అని చాలామంది అనేస్తారు, నేను ఒప్పుకోను. వాటిలో సున్నితమైన స్ప్రింగులు లేవు, మంచి చకుముకి రాళ్ళు వెతుక్కోనక్కర్లేదు, పాడైతే ఊళ్ళో కమ్మరే బాగుచేయగలడు. అది తెలివైన ఎంపిక.

లీడ్స్‌లో నన్ను కదిలించింది మాత్రం తుపాకీ కాదు, ఏనుగు కవచం. మొగల్ కాలంనాటి ఇనుప రేకులు, వలయాలతో అల్లింది. కొన్ని ముక్కలు పోగా మిగిలిందే 118 కిలోలు. మద్రాసు గవర్నర్‌గా చేసిన ఎడ్వర్డ్ క్లైవ్ భార్య ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళిందని చెబుతారు. నాన్న దాని ముందు చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డారు.

హైదరాబాద్‌లో అయితే సాలార్‌జంగ్ చూసిన మర్నాడు గోల్కొండ పెట్టుకోండి. అందరూ ఎక్కే కొండతో ఆపేయకుండా, బయటి గోడ మీది పెట్లా బురుజు దగ్గర ఫతే రహబర్ అనే ఫిరంగిని చూపించండి. 1687లో కోటని ముట్టడించినప్పుడు ఔరంగజేబు సైన్యం వాడింది. దాని మీద పారశీక లిపిలో రాత ఉంటుంది. అంత పెద్ద ఫిరంగులున్నా ముట్టడి ఎనిమిది నెలలు సాగింది, చివరికి లోపలివాడే తలుపు తీయడంతో కోట పడింది. ఇది అద్దాల గదిలో చెబితే ఎక్కదు. గోడ మందం చూస్తూ చెప్పాలి.

అక్కడే మా పాప "ఇది ఎవర్నైనా చంపిందా తాతయ్యా?" అని అడిగింది. నాన్న మాట దాటేయలేదు. "చంపడానికే చేశారమ్మా" అన్నారు. మీ బాబూ అడుగుతాడు, నిజమే చెప్పండి.

ఒక్కరోజులో అన్ని గదులూ తిప్పకండి. ఆయుధాల గదికి ఒక గంట, తెల్లకాగితం, పెన్సిల్ చాలు. నచ్చిన ఒక్క తుపాకీని, నిప్పు పుట్టే భాగం వరకే గీయమనండి. శుక్రవారం సాలార్‌జంగ్‌కి సెలవు, అది చూసుకుని బయల్దేరండి.