మెత్తని స్ప్రింగులు కొనే ముందు

చిరంజీవి అమ్మాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మీ తాతగారి స్టాండర్డ్ హెరాల్డ్ కారు మళ్ళీ రోడ్డెక్కిందని చదివి ఎంత సంతోషించానో, వేళచ్చేరి నుంచి మైలాపూరు గుడికి వెళ్ళి వచ్చేసరికి మీ అమ్మకు నడుము పట్టేసిందని చదివి అంత నొచ్చుకున్నాను. నాలుగు వైపులా మెత్తని స్ప్రింగులు వేయిస్తే సరిపోతుందని మెకానిక్ చెప్పాడనీ, పుదుప్పేటలో బేరం కూడా కుదిరిందనీ రాశావు. డబ్బు ఇంకా చేతులు మారకపోయి ఉంటే ఆపు. ఆ బండికి పుట్టుకతో వచ్చిన స్ప్రింగులు గట్టివేమీ కావు. వాటిని కదలనివ్వకుండా పట్టి ఉంచినవి వేరే ఉన్నాయి. వాటిని విడిపించకుండా ఏ స్ప్రింగు వేసినా ఇదే తంతు.

పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో బోగీల దగ్గర పనిచేసినన్నాళ్ళూ మాకు నూరిపోసిన మాట ఒకటుంది: ఊగడం వేరు, అదరడం వేరు. సెకనుకు ఒకటీ ఒకటిన్నర సార్లు నెమ్మదిగా లేచి పడే ఊపును మనిషి ఒళ్ళు హాయిగా ఓర్చుకుంటుంది, ఎందుకంటే అది ఇంచుమించు మన నడక లయ. నడుము పట్టేసేది అదురు వల్ల, అంటే స్ప్రింగు దాకా చేరకుండా రోడ్డు నుంచి నేరుగా సీటుకు వచ్చే దెబ్బ వల్ల. మీ అమ్మను బాధిస్తున్నది ఏదో ముందుగా ఆమెనే అడుగు. నా అంచనా అదురే.

స్ప్రింగును మెత్తన చేయడానికి చిన్న కారులో ఒక ఇబ్బంది ఉంది. బండి బరువుకు స్ప్రింగు 10 సెంటీమీటర్లు దిగితే ఊపు సెకనుకు 1.6 సార్లు ఉంటుంది, 15 సెంటీమీటర్లు దిగితే 1.3కు తగ్గుతుంది. ఇంకా మెత్తన కావాలంటే ఇంకా దిగాలి, దిగడానికి చోటుండాలి. హెరాల్డ్ బరువు సుమారు 800 కిలోలు. నలుగురు మనుషులూ సామానూ ఎక్కితే మరో మూడు వందల కిలోలు, అదీ ఎక్కువగా వెనుక చక్రాల మీదనే పడుతుంది. రైలు పెట్టెకు ఆ బాధ తక్కువ, ఎందుకంటే దాని సొంత బరువు ముందు జనం బరువు అంత పెద్దది కాదు. చిన్న కారు ఖాళీగా ఉన్నప్పుడు ఒకలా, నిండినప్పుడు ఇంకోలా ప్రవర్తిస్తుంది.

ఈ లెక్క తెలిసి కూడా నేను ఒకసారి తప్పు చేశాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, మీ నాన్న ఇంకా కాలేజీలో ఉండగా, ఇదే బండి వెనుక కమాన్ కట్టలోంచి, అంటే ఇనుప ఆకులు పేర్చి కట్టిన స్ప్రింగులోంచి, ఒక ఆకు తీయించాను. ఒక్కడినే నడిపినప్పుడు పల్లకీలా ఉండేది. ఇంటిల్లిపాదీ ఎక్కి తిరుత్తణికి బయలుదేరాక తెలిసివచ్చింది: వెనుక భాగం కూర్చుండిపోయి, చక్రాలు కింద బయటికి విచ్చుకుని, ప్రతి స్పీడ్ బ్రేకరు మీదా ఇరుసు పైనున్న రబ్బరు దిమ్మకు ఠక్కున తగిలింది. మీ నాయనమ్మ వచ్చేటప్పుడు బస్సెక్కింది. మెత్తదనం కోసం చేసిన పని వల్లే అంత గట్టి దెబ్బలు తినడం చూశాక, మరునాడే ఆకు తిరిగి పెట్టించాను.

కాబట్టి మొదట స్ప్రింగు అసలు కదులుతున్నదా అని చూడు. చదునైన నేల మీద బండిని నాలుగడుగులు ముందుకూ వెనక్కూ దొర్లించి ఆపు. హెరాల్డ్ వెనుక చక్రాలు ఇరుసులతో పాటు గొడుగు కాడల్లా పైకీ కిందికీ వాలుతాయి. అవి వాలినప్పుడు రెండు టైర్ల మధ్య దూరం మారాలి, నేల ఆ టైర్లను పట్టుకుంటే మారడం కుదరదు. అందుకని వెనుక టైర్ల కింద ఒక్కొక్క చోట రెండు రేకులు, వాటి మధ్య గ్రీజు పెట్టి చక్రం ఎక్కించు. ఇప్పుడు చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచు వరకు ఎత్తు కొలువు. బండి వెనుక భాగాన్ని ఇద్దరు మెల్లగా నొక్కి, మెల్లగా వదిలి, అది ఆగినచోట ఒక కొలత తీసుకోండి. తర్వాత మెల్లగా పైకెత్తి, మెల్లగా వదిలి, ఇంకొక కొలత తీసుకోండి. ఏ రాపిడీ లేని బండిలో ఈ రెండు కొలతలూ ఒకటే అయి ఉండాలి. మన బండిని నేను చివరిసారి చూసినప్పుడు తేడా 28 మిల్లీమీటర్లు ఉండేది. కమాన్ కట్ట విప్పి శుభ్రం చేశాక 9 అయింది. ఆ తేడా ఎంతుంటే అంతవరకు స్ప్రింగు కొయ్యబారి ఉన్నట్టే. చిన్న గుంటలు దాన్ని కదపలేవు, నేరుగా మనిషినే కదుపుతాయి. ముందు చక్రాల దగ్గరా ఇలాగే కొలువు, అక్కడ రేకులు లేకపోయినా ఫరవాలేదు.

కొలతలన్నీ ఒక నోటు పుస్తకంలో తేదీతో రాయి. జ్ఞాపకాన్ని నమ్మవద్దు, మెకానిక్ జ్ఞాపకాన్ని అసలే నమ్మవద్దు.

తర్వాత టైర్లు, ఎందుకంటే అవి ఖర్చు లేనివి. పెట్రోలు బంకులో కుర్రవాడు అన్ని కార్లకూ అలవాటుగా 32 పౌండ్ల గాలి కొట్టి పంపిస్తాడు. ఈ తేలిక బండికి అది ఎక్కువ. నేను ఉదయం చల్లగా ఉన్నప్పుడు ముందు 21, వెనుక 25 ఉంచేవాణ్ణి. వెనుకకన్నా ముందు తక్కువగా ఉంచడం ఈ బండికి ముఖ్యం. వాలే ఇరుసుల వల్ల మలుపులో వెనుక భాగం తొందరపడి జారకుండా అది కాపాడుతుంది. పాత 5.20-13 టైర్లకు బదులు రేడియల్ వేసేటట్లయితే 155/80 ఆర్13 ఎత్తులో దానికి దగ్గరగా వస్తుంది; 145/80 రెండు సెంటీమీటర్లు పొట్టి, అంటే నేలకు ఒక సెంటీమీటరు దగ్గరవుతావు.

ఇక అసలు పని వెనుక కమాన్ కట్ట. అది లారీలకు ఉన్నట్టు పొడవునా కాక, రెండు చక్రాల నడుమ అడ్డంగా, ఇంజిను శక్తిని రెండు వెనుక చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ నెత్తిన కూర్చుని ఉంటుంది. విప్పేటప్పుడు అది బలంగా తన్నుతుంది, అందువల్ల చక్రాన్ని పట్టి ఉంచే నిలువు లింకు కింద జాకీ ఆనించకుండా కొస బోల్టు తీయనివ్వవద్దు. ఆ సమయంలో నువ్వు పక్కనే ఉండు. కట్ట బయటికి వచ్చాక, ముందు వైపు ఏదో తెలిసేలా సుద్దతో గుర్తు పెట్టించి ఆకులు విడదీయించు. మద్రాసు ఉప్పు గాలికి ఆకుల మధ్య తుప్పు పొరలు పొరలుగా ఊడిపడుతుంది. దాన్ని తీగ బ్రష్షుతో గీకించి, పొట్టి ఆకు కొస పక్కనున్న పొడుగు ఆకులో తొలిచిన గాడి వేలికి తగులుతుందేమో తడిమి చూడు. గోరు ఆగితే ఆ గట్టును సన్నగా అరగదీయించాలి, లేకపోతే ఆకు జారదు, గాడిలో పడి ఆగుతుంది. ఆకుల కొసల మధ్య చిన్న రబ్బరు బొత్తాలుంటాయి. అవి అరిగి మాయమై, ఇనుము ఇనుమును రుద్దుకుంటూ ఉంటుంది, కొత్తవి వేయించు. గ్రాఫైట్ గ్రీజు పలుచగా పూయవచ్చు కానీ బొత్తాలకు అంటనివ్వకు, రబ్బరు ఉబ్బిపోతుంది.

కట్ట కుంగిందని కొలిమి దగ్గరికి పంపి వంపు పెంచమని కొందరు సలహా ఇస్తారు. పాత ఎత్తుకు తేవడం వరకు తప్పు లేదు. అంతకు మించి లేపితే వెనుక చక్రాలు కింద లోపలికి ముడుచుకుని నిలబడతాయి, అప్పుడు వేగంగా మలుపు తిరిగితే బండి తన చక్రాల మీదికే ఎక్కే ప్రమాదం ఉంది. ఈ గుణం వాలే ఇరుసులున్న హెరాల్డ్‌ది. 1972లో అదే కంపెనీ నుంచి వచ్చిన గెజెల్ కారుకు వెనుక గట్టి ఇరుసు వేశారు కాబట్టి దాని యజమానులు చెప్పేవి నీకు వర్తించవు.

ముందు భాగం పని చేయడానికి ఇంత సుఖమైన కారు నాకు తెలిసి ఇంకొకటి లేదు. బానెట్టు, మడ్‌గార్డులు కలిసి ముందుకు వాలిపోతాయి, టైరు మీద కూర్చుని పని చూడవచ్చు. నిలువు లింకు కింద ఇత్తడి రంగులో ఉండే ట్రనియన్‌ను, అంటే స్టీరింగు తిప్పినప్పుడు ఆ లింకు మరలతో తిరిగే కీలును, జాగ్రత్తగా చూడు. దానిలో పోయవలసింది గ్రీజు కాదు, గేరు బాక్సుకు వాడే చిక్కటి 90 నూనె. చక్రం నేల మీద నుంచి లేపి, అంచు వెంట కొత్త నూనె కారేదాకా పంపించాలి. గ్రీజు కొట్టినవాడికి పని అయినట్టే కనిపిస్తుంది, లోపల మరలు మాత్రం ఎండిపోయి తుప్పు పడతాయి. స్టీరింగు బరువెక్కుతుంది, చివరికి ఒకనాడు మలుపులో ఆ లింకు విరిగి చక్రం మడతపడుతుంది. సుఖం సంగతి అటుంచి, ఈ ఒక్క పనీ ప్రాణాల కోసం చేయించు.

కీళ్ళలో బోల్టుల చుట్టూ ఉండే రబ్బరు బుష్షులు మార్చడం తేలికే, బిగించడంలోనే అందరూ పొరపాటు పడతారు. బండి జాకీ మీద వేలాడుతుండగా బోల్టు బిగిస్తే రబ్బరు ఆ వేలాడే స్థితిలోనే పట్టుకుంటుంది. కిందికి దించగానే మెలి తిరిగి, ఎప్పుడూ పైకి తోస్తూ, కొన్ని నెలల్లో చిరిగిపోతుంది. ఒక వర్క్‌షాపువారు నాకు ఇలాగే చేసి ఇస్తే కొత్త బుష్షులు ఒక వానాకాలం దాటలేదు. బోల్టులు వేళ్ళతో వదులుగా పెట్టించి, బండిని దించి, ముందు సీటులో ఒకరు కూర్చోగా వెనుక సీటులో 25 కిలోల బియ్యం బస్తాలు రెండు పెట్టి, మళ్ళీ నాలుగడుగులు దొర్లించి, అప్పుడు చివరి బిగింపు చేయించు. వెనుక ఇరుసును ఛాసిస్‌కు కలిపే రేడియస్ కడ్డీల బుష్షులకూ ఇదే పద్ధతి. ఆ కడ్డీలు పట్టుకున్న చోట ఛాసిస్ తుప్పు తిన్నదేమో స్క్రూడ్రైవరుతో పొడిచి చూడు. ఇనుము గుచ్చుకుపోతే మిగతా పనులన్నీ ఆపి ముందు అది వెల్డింగు చేయించాలి.

ఇవన్నీ అయ్యాకే షాక్ అబ్జార్బర్ల సంగతి. చేతిలో నిలువుగా పట్టుకుని లాగినప్పుడూ నొక్కినప్పుడూ మధ్యలో ఎక్కడా ఖాళీగా జారకూడదు. కొత్తవైతే బిగించే ముందు నిలబెట్టి పది సార్లు లాగి నొక్కి లోపలి గాలి పోగొట్టాలి, ఎప్పుడూ జతగానే మార్చాలి. గట్టివి బలమైనవని అంగడివాడు అంటగట్టేవి తీసుకోకు. పైకి లేచేటప్పుడు మరీ ఆపే షాక్ అబ్జార్బరు, గుంట వెంట గుంట వచ్చే రోడ్డు మీద స్ప్రింగును సాగనివ్వక మెట్టు మెట్టుగా బండిని కిందికి దించేస్తుంది.

వెనుక ఒక్కదాన్నే మెత్తన చేద్దామని కూడా అనుకోవద్దు. ముందు చక్రాలు ఎక్కిన గతుకును వెనుక చక్రాలు కాస్త ఆలస్యంగా ఎక్కుతాయి; ఈ బండి చక్రాల మధ్య దూరం 2.32 మీటర్లు కాబట్టి 40 కిలోమీటర్ల వేగంలో ఆ ఆలస్యం సెకనులో అయిదో వంతు. వెనుక ఊపు ముందు ఊపుకన్నా కొంచెం చురుగ్గా ఉంటేనే ఆలస్యంగా మొదలైనా అది ముందుదాన్ని అందుకుని, బండి సమంగా లేచి దిగుతుంది. 1930లలో క్యాడిలాక్‌లో మారిస్ ఓలీ అనే ఇంజినీరు ఈ సంగతిని బండికి బరువులు కట్టి, మారుస్తూ, కూర్చుని చూసి తేల్చాడు. వెనుక మెత్తన చేస్తే బండి ఊయలలా ముందుకూ వెనక్కూ తల ఊపుతుంది, మీ అమ్మకు నడుము నొప్పి పోయి కడుపులో తిప్పడం మొదలవుతుంది.

వారానికి ఒక్క మార్పు మాత్రమే చేయించి, ఒకే వీధిలో, ఒకే వేగంలో, మీ అమ్మను అదే సీటులో కూర్చోబెట్టి నడిపి చూడు. స్పీడ్ బ్రేకరు ఎక్కేటప్పుడు బ్రేకు మీద కాలుంచవద్దు. బ్రేకుకు ముక్కు కిందికి వంగి, స్ప్రింగు ప్రయాణం సగం అక్కడే ఖర్చయిపోతుంది. ముందే వేగం తగ్గించి, కాలు తీసి ఎక్కించు.

పని ముగిసి 300 కిలోమీటర్లు నడిచాక బోల్టులన్నీ ఇంకొకసారి చూపించు, ఎత్తులు మళ్ళీ కొలువు. అప్పటికీ వెనుక తేడా 12 మిల్లీమీటర్లు దాటి ఉంటే ఆ పుస్తకం తీసుకుని ఆదివారం ఇక్కడికి రా; బండిలో రా, రైలెక్కకు. గేటు బయట వేపచెట్టు కింద నీడ ఉంది, నా దగ్గర రేకులూ గ్రీజూ ఉన్నాయి.

ఇట్లు,
మీ పెద్దనాన్న,
పెరంబూరు, చెన్నై.